అరబ్బీ వాచకాలు, ఉర్దూ తెర, తెలుగు పిల్లవాడు

అరబ్బీ నేర్పడానికి తగిన గ్రంథాలు దొరకడం లేదని మక్తబు ఉపాధ్యాయులు చేసే ఫిర్యాదు చాలా పాతది. విచారించి చూస్తే అది సగమే నిజం. గ్రంథాలున్నాయి, కొన్ని చాలా మంచివి కూడా. ఆ మంచివాటిలో రెండింటిని వ్రాసినవారు భారతీయులు; వారిలో ఒకరు తెలుగు నేలకు పొరుగున, పాత ఉత్తర ఆర్కాటు జిల్లా వాణియంబాడిలో పుట్టినవారు. లేనిదల్లా ఆ గ్రంథాల దగ్గరకు తెలుగు ఇంట పుట్టిన పిల్లవానిని తీసుకుపోయే దారి. ఆ రెండు వాచకాలు చేసే పనిని, వాటిని తరగతిలో వాడుతున్న తీరును కలిపి పరిశీలించవలసి ఉన్నది.

ముందుగా పాత దారి సంగతి. లక్నోలోని ఫరంగీ మహల్‌కు చెందిన ముల్లా నిజాముద్దీన్ (మరణం 1748) పేరున ప్రసిద్ధమైన దర్సె నిజామీలో అరబ్బీ వ్యాకరణానికి తొలి మెట్లుగా ఉన్న మీజాన్, మున్షఇబ్, పంజ్ గంజ్, నహ్వ్ మీర్ అన్నీ పారశీకంలో వ్రాసినవి. అవి పుట్టిన కాలానికి అది సహజమే. చదువుకున్న ఇంటి పిల్లవానికి అప్పటికే గులిస్తాన్ వచ్చి ఉండేది. తెలిసిన పారశీకం మీదుగా తెలియని అరబ్బీకి నడిచేవాడు. పారశీకం ఇళ్ళలో నుంచి వెళ్ళిపోయిన తరువాత కూడా ఆ పుస్తకాలు తరగతిలో నిలిచిపోయాయి. అప్పుడు పారశీకాన్ని ఉర్దూలో వివరించవలసి వచ్చింది. గుంటూరు, కృష్ణా, ప్రకాశం జిల్లాలలోనూ రాయలసీమ పల్లెలలోనూ తెలుగే ఇంటిభాషగా గల ముస్లిం కుటుంబాలు అనేకం. నూర్‌బాషా కుటుంబాలలో అది తరతరాల మాట. అటువంటి ఇంటి పిల్లవాడు అరబ్బీ క్రియారూపం తెలుసుకోవడానికి పారశీక సూత్రం వల్లెవేసి, దాని అర్థాన్ని ఉర్దూలో విని, ఆ ఉర్దూను తనలో తాను తెలుగు చేసుకోవలసి వచ్చేది. ఒక గుమ్మం దాటడానికి మూడు తలుపులు. దక్కనీ మాట్లాడే పిల్లవాని పరిస్థితి కూడా అంతకంటె చాలా మెరుగని అనడానికి లేదు. పాఠం చెప్పే లక్నో ఉర్దూ అతని ఇంట్లో వినబడే మాట కాదు.

తరువాతి కాలంలో ఉర్దూలోనే వ్యాకరణ పుస్తకాలు వచ్చి, చాలా చోట్ల పారశీకపు తలుపు తొలగింది. రెండవది అలాగే ఉన్నది.

ఇబ్నె ఖల్దూన్ 1377లో రచించిన ముఖద్దిమాలో విద్యాబోధనపై వ్రాసిన అధ్యాయాలు ఈ సందర్భంలో మరల చదవదగినవి. గ్రంథాలు ఎక్కువైపోవడం చదువుకు ఆటంకమనీ, సంక్షేప గ్రంథాలు విద్యార్థికి మేలు కంటె కీడే ఎక్కువ చేస్తాయనీ ఆయన వాదం. అంతకంటె ముఖ్యమైనది మరొకటి ఉన్నది: భాషానియమాలు తెలియడం వేరు, భాష అలవడటం వేరు. కుట్టుపని ఎలా చేయాలో నోటితో చక్కగా వర్ణించగలవాడు సూది చేతికిస్తే కుట్టలేకపోవచ్చునని ఆయన ఇచ్చిన పోలిక. పద్నాలుగు క్రియారూపాలు ఊపిరి తీయకుండా అప్పజెప్పి, దాహం వేస్తే నీళ్ళిమ్మని అరబ్బీలో అడగలేని విద్యార్థిని చూసినవారికి ఆ పోలికలోని పదును వేరుగా చెప్పనవసరం లేదు.

ఇక వాచకాల విషయం.

మౌలానా సయ్యద్ అబుల్ హసన్ అలీ నద్వీ (మరణం 1999) రచించిన ఖససున్నబియ్యీన్ అయిదు భాగాల గ్రంథం. మొదటి భాగం హజ్రత్ ఇబ్రాహీం (అ), హజ్రత్ యూసుఫ్ (అ)ల కథలు. రెండవది హజ్రత్ నూహ్ (అ), హూద్ (అ), సాలిహ్ (అ)ల కథలు. మూడవది హజ్రత్ మూసా (అ) కథ. చివరి భాగం ప్రవక్త ముహమ్మద్ (స) జీవితం. 1940లలో వెలువడనారంభించిన ఈ గ్రంథానికి మూలం ఒక ఇంటి అవసరం. తన అన్నగారి కుమారునికి కథలంటే ప్రాణం. అరబ్బీలో పిల్లలకోసం అచ్చైనవన్నీ కుక్కలు, పిల్లులు, సింహాలు, కోతుల కథలే కావడం పినతండ్రికి బాధ కలిగించింది. పిల్లవాని భాషలో ప్రవక్తల కథలు వ్రాయడానికి పూనుకొన్నారు. పీఠికలో ఆ పిల్లవానినే సంబోధించి తన పద్ధతిని కూడా చెప్పారు: మాటలు తేలికగా ఉంటాయి, వాక్యాలు మరల మరల వస్తాయి, కథ తీరికగా విస్తరిస్తుంది.

పద్ధతి అని పేరు పెట్టకపోయినా ఇది తెలుగు పిల్లలకు తెలిసినదే. ఏడు చేపల కథలో ఒకే ప్రశ్న చేపనుండి చీమవరకు పోతుంది. విన్నవాడు రెండవసారికే తోడు పలుకుతాడు. ఖససున్నబియ్యీన్‌లో కూడా ఒక వాక్యం నాలుగు పంక్తుల తరువాత ఒక మాట మార్పుతో తిరిగి వస్తుంది. ఆ ఒక్క మాటే ఆనాటి పాఠం. పది పేజీలు గడిచేసరికి ఎవరూ నేర్పకుండానే భూతకాలక్రియ నోటికి వస్తుంది. గ్రంథకర్త మరొక నేర్పు కూడా ఇందులో ఉన్నది. తన చిన్న వాక్యాల మధ్య ఖుర్ఆన్ పదబంధాలను అతుకు కనబడకుండా కలిపారు. పిల్లవాడు తరువాత ఖుర్ఆన్ తెరిచినపుడు అక్కడక్కడ పరిచితులు ఎదురవుతారు.

ఇంతటి పుస్తకం తరగతిలో ఏమవుతున్నది? ఉపాధ్యాయుడు ఒక్కొక్క అరబ్బీ పదం చదువుతాడు, దానికి ఉర్దూ అర్థం చెబుతాడు, పిల్లలు రెండూ కలిపి వల్లెవేస్తారు. వాక్యం ముక్కలై, ముక్కల మధ్య ఉర్దూ చేరి, కథ ఊపిరాడక నిలిచిపోతుంది. మరల వచ్చిన వాక్యాన్ని "ఇది పైన అయిపోయింది" అని దాటవేస్తారు. ఏ పునరుక్తికోసం గ్రంథకర్త కలం పట్టారో దానినే దండగ అని తీసివేయడం ఇది. పిల్లవానికోసం వ్రాసిన కథను ప్రౌఢగ్రంథంలా వ్యాఖ్యానించే అలవాటు మదరసా చదువుకు ఎలా పట్టుకున్నదో గాని, ఈ పుస్తకానికి మాత్రం ద్రోహమే చేసింది. తప్పు పూర్తిగా ఉపాధ్యాయునిది కాదు. మూలగ్రంథంలో బొమ్మలు లేవు, అభ్యాసాలు లేవు, ఏ పాఠంలో ఏ మాటలు కొత్తవో చెప్పే పట్టిక లేదు. ముప్పై మంది పిల్లలు, ఒక గది, అసర్‌కూ మగ్రిబ్‌కూ మధ్య గంటసేపు. ఇంతలో వాటన్నింటినీ స్వయంగా తయారుచేసుకొమ్మంటే ఎవరికి సాధ్యం?

రెండవ వాచకం దురూసుల్లుగతిల్ అరబియ్య. రచయిత డా. వి. అబ్దుర్రహీం (1933-2023). వాణియంబాడిలో పుట్టి, మదరాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంగ్లీషు చదివి, అల్‌అజ్‌హర్ వరకు పోయి, మదీనా ఇస్లామీయ విశ్వవిద్యాలయంలో అరబ్బీ రానివారికి అరబ్బీ నేర్పిన పండితుడు. ఇంటిభాష ఒకటి, బడిభాష మరొకటి, చదివే శాస్త్రపు భాష ఇంకొకటి అయినవాని కష్టం ఆయనకు పుస్తకం చెప్పి తెలియవలసిన పనిలేదు. ఆ అనుభవం మొదటి పేజీలోనే కనబడుతుంది. ఇల్లు, మసీదు, తలుపు, కలం, తాళంచెవి: బొమ్మ, దాని కింద మాట, ఆ మాటతో అతి చిన్న వాక్యం. సూత్రం లేదు. పరిభాష లేదు. ప్రతి పాఠంలోనూ ఒకే ఒక కొత్త సంగతి, దాని వెంట విసుగు పుట్టేంతగా అభ్యాసాలు. విసుగు అనడం నింద కాదు. అలవాటు పడటానికి అదే మార్గం. ఇబ్నె ఖల్దూన్ కోరిన సూదీదారం ఇక్కడ చేతికి వస్తాయి.

అయినా ఇది పిల్లలకోసం వ్రాసిన పుస్తకం కాదు. మదీనాకు దేశదేశాలనుండి వచ్చే యువకులకోసం వ్రాసినది. కనుక అందులోని లోకం తరగతిగది, ప్రధానోపాధ్యాయుడు, ఆసుపత్రి, వసతిగృహం. ఎవరు ఎక్కడినుండి వచ్చారు, ఎవరు ఎక్కడికి వెళ్ళారు అన్న సంభాషణలు పదేళ్ల పిల్లవానిని ఎంతసేపు కట్టివేస్తాయి? కథకోసం అతని మనసు వేరే చోటికి పోతుంది. కాబట్టి ఈ రెండు వాచకాలలో ఏది ఎక్కువ అన్న చర్చ వ్యర్థం. ఒకటి వాక్యాన్ని నిలబెడుతుంది, రెండవది దానిని నడిపిస్తుంది. అబ్దుర్రహీం గారి పుస్తకంలో మొదటి పది, పన్నెండు పాఠాలు అయిన తరువాత నద్వీ గారి మొదటి కథ తెరిస్తే, రెండూ ఒకే ఉపాధ్యాయుడు వ్రాశాడేమో అన్నంతగా కలిసిపోతాయి.

ఇక్కడే అసలు ప్రశ్న వస్తుంది. వివరించవలసిన భాష ఏది?

పై వాచకంలోని మొదటి పాఠాన్నే తీసుకోండి. "ఇది", "ఇల్లు" అన్న రెండు మాటలు పక్కపక్కన పెడితే అరబ్బీలో పూర్తి వాక్యం. తెలుగులోనూ అంతే: ఇది ఇల్లు. ఉర్దూలో అయితే చివర "హై" చేర్చక తప్పదు. ఆ "హై"కి అరబ్బీలో మాట ఏది అని ఉర్దూ ద్వారా నేర్చుకొనే పిల్లవాడు అడుగుతాడు. లేదని చెప్పి, ఎందుకు లేదో చెప్పడానికి వ్యాకరణం ఎత్తుకోవలసి వస్తుంది. తెలుగు పిల్లవానికి ఆ ప్రశ్నే పుట్టదు. క్రియ విషయంలోనూ ఇటువంటిదే. "వచ్చాడు" అన్న ఒక్క మాటలో వచ్చినవాడు పురుషుడనీ, ఒకడనీ, ఎదుట మాట్లాడేవాడు కాడనీ తెలుస్తుంది. అరబ్బీ "జాఅ" కూడా అంతే చెబుతుంది. ఉర్దూ "ఆయా" నేనుకూ నీవుకూ వాడికీ ఒకటే. అరబ్బీ వాక్యం క్రియతో మొదలవడం కూడా తెలుగువానికి వింత కాదు. పుస్తకభాషలో క్రియ చివర ఉంటే ఉండవచ్చు, వాకిట్లో నిలబడి "వచ్చాడమ్మా మామయ్య!" అనని ఇల్లున్నదా?

మరొకటి ఇంతకంటె లోతైనది. అరబ్బీలో బుద్ధిగల జీవులు వేరు, తక్కినవన్నీ వేరు. మనుషులు పలువురైతే బహువచనం. పుస్తకాలు పలు అయితే స్త్రీలింగ ఏకవచనం. ఉర్దూ ద్వారా చదివేవారికి ఇది పెద్ద అడ్డంకి, ఎందుకంటే ఉర్దూలో పుస్తకానికీ స్త్రీకీ లింగం ఒకటే, వచనమూ మామూలే. పరవస్తు చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో చెప్పిన మహత్తు, అమహత్తు తెలుగు బడిలో చదివిన పిల్లవానికి ఎంతో కొంత తెలుసు. ఆవు వచ్చింది, అమ్మాయి వచ్చింది. ఆవులు వచ్చాయి, అమ్మాయిలు వచ్చారు. స్త్రీవాచకం ఒక వచనంలో అమహత్తుతోనూ మరొక వచనంలో మహత్తుతోనూ కలవడం చూసినవానికి, అరబ్బీలో పుస్తకాలన్నీ కలిసి "ఆమె" అయితే నవ్వు వస్తుందేమో గాని భయం వేయదు. రెండు విభజనలూ ఒకటే అనడం సరికాదు. అయినా ఆ దిక్కుగా ఒక కిటికీ తెలుగులో ఉన్నది, ఉర్దూలో లేదు.

తెలుగు వలన కష్టాలు లేవా? ఉన్నాయి. అరబ్బీలో ద్వివచనం ఉన్నది, తెలుగులో లేదు. సంస్కృత వ్యాకరణం పేరు విన్న పెద్ద పిల్లలకు ఆ మాట తెలియవచ్చు. చిన్నవారికి చెప్పుల జత, చింతగింజలు చూపవలసిందే. అరబ్బీలో "పుస్తకం బాలునిది" అన్న వరుసలో సమాసం వస్తుంది, తెలుగులో తలకిందులు. దీనికి మందు హాజరుపట్టీలోనే దొరుకుతుంది. అబ్దుల్లాహ్, నూరుద్దీన్, సైఫుద్దీన్, అబ్దుర్రహ్మాన్: ప్రతి పేరూ ఒక సమాసం. "అబ్దుల్ కరీం"లో లకారం వినబడి "అబ్దుర్రహ్మాన్"లో ఎందుకు రేఫగా మారిందని అడిగితే సూర్యాక్షరాలు, చంద్రాక్షరాల పాఠం మొదలైనట్లే. ఏ పుస్తకమూ కొనకుండా దొరికే సామగ్రి ఇది.

అటువంటి సామగ్రి పిల్లవాని నోట్లో ఇంకా చాలా ఉన్నది. జవాబు, హక్కు, బాకీ, వసూలు, వకీలు, ఖైదీ, అసలు, నకలు, రైతు, జిల్లా: ఇవన్నీ అరబ్బీ మూలాలనుండి కచేరీల ద్వారా పల్లెకు చేరినవి. "దఖల" అన్న క్రియ పాఠంలో వచ్చినపుడు దరఖాస్తు "దాఖలు" చేయడం గుర్తుచేస్తే చాలు. మాజీ సర్పంచిలోని "మాజీ", వ్యాకరణంలో భూతకాలానికి పేరైన "మాజీ" ఒకటే మాట. లెక్కల పుస్తకంలోని "జమ", వ్యాకరణంలోని బహువచనం "జమ్అ" ఒకటే. "ముసాయిదా"లో నలుపు అన్న ధాతువు ఉన్నది. కాగితాన్ని నల్లచేసినది ముసాయిదా. అన్నిటికంటె మిన్న "కబురు". అరబ్బీ "ఖబర్" తెలుగులో కబురయింది, అదే మాట వ్యాకరణంలో వాక్యంలోని విధేయానికి పేరు. "ఇది ఇల్లు" అన్నపుడు "ఇది" ముబ్తదా, "ఇల్లు" దాని గురించిన కబురు. ఇంత తేలికైన నిర్వచనం ఏ భాష్యంలోనైనా ఉన్నదా అన్నది సందేహమే. ఉర్దూ ద్వారా చెప్పేవారికీ ఈ మాటలు ఉన్నాయి కదా అనవచ్చు. ఉన్నాయి, తెలుగువారికంటె ఎక్కువే ఉన్నాయి. అయితే అవి తెలుగు పిల్లవానికి తనవని ఎవరూ చెప్పలేదు. అరబ్బీ దూరదేశపు భాష, తెలుగు దానితో సంబంధం లేని భాష అన్న భావనే మొదటి రోజునుండి అతని తలలో నాటుతున్నారు.

ఒక హెచ్చరిక మాత్రం ఇక్కడ అవసరం. తెలుగు భాషలో వివరించడం వేరు, తెలుగు లిపిలో అరబ్బీ వ్రాయడం వేరు. రెండవదానికి ఈ వాదనలో చోటు లేదు. తెలుగు లిపికి ద్విత్వం చూపడంలో, హ్రస్వదీర్ఘాలు చూపడంలో గొప్ప శక్తి ఉన్నది, అందుకే తష్దీదు, మద్దు తెలుగు పిల్లవానికి వెంటనే పట్టుబడతాయి. హల్లుల దగ్గర మాత్రం అది చేతులెత్తేస్తుంది. హృదయం అన్న "ఖల్బ్"లో మొదటి అక్షరానికి "క" వ్రాస్తే కుక్క అవుతుంది. పోనీ "ఖ" వ్రాద్దామంటే అది మరొక అరబ్బీ అక్షరానికి కూడా వాడుతున్నదే. సర్వం తెలిసినవాడు అన్న అర్థమిచ్చే దైవనామమూ, బాధాకరమైనది అన్న అర్థంతో శిక్షకు వాడే విశేషణమూ తెలుగు అక్షరాలలో రెండూ "అలీమ్" అయిపోతాయి. ఖుర్ఆన్ చదివేవానికి ఇది చిన్న పొరపాటు కాదు. అరబ్బీ అక్షరం అరబ్బీలోనే, గురువు నోటినుండి నేర్వవలసినది. ఖాయిదా పట్టుకొని ఆ పని చేస్తున్న మక్తబులు చేసేది సరైనదే. ఆ తరువాతి మెట్టు గురించే ఈ చర్చ.

ఉర్దూను తొలగిస్తే తరతరాల ధర్మసాహిత్యం పిల్లలకు దూరమవుతుందని పెద్దలు భయపడతారు. ఆ భయం గౌరవించదగినదే. అయితే ఉర్దూ నేర్పవలసినది ఉర్దూగా, ఉర్దూ వాచకాలతో. ఇస్మాయీల్ మేరఠీ (1844-1917) పిల్లలకోసం వ్రాసిన ఉర్దూ వాచకాలు చేతిలో పెడితే ఆ భాష రుచి తెలుస్తుంది. అరబ్బీ పాఠానికి అడ్డంగా వేలాడే తెరగా వాడితే ఉర్దూ కూడా రాదు. రెండు భాషలు సగం సగం వచ్చి, మూడవదానిలో ఆలోచించే పిల్లవాడు తయారవుతాడు.

ఇంకొక మాట, ఇది నద్వీ గారితో మర్యాదపూర్వకమైన విభేదం. పిల్లలకు జంతువుల కథలే దొరుకుతున్నాయని వారు పడిన బాధలో న్యాయం ఉన్నది. అయినా ఆ కథలను పూర్తిగా పక్కన పెట్టనక్కరలేదు. పంచతంత్రం పహ్లవీకి పోయి, అక్కడినుండి ఎనిమిదవ శతాబ్దంలో ఇబ్నుల్ ముఖఫ్ఫా చేతిలో కలీలా వ దిమ్నాగా అరబ్బీలో వెలసింది. అదే పంచతంత్ర సంప్రదాయం 1853లో చిన్నయసూరి నీతిచంద్రికగా తెలుగు బడులకు చేరింది. వలలో పడిన పావురాలు వలతో సహా ఎగిరిపోయిన కథ తెలుగు పిల్లవానికి చిత్రగ్రీవుని కథగా, హిరణ్యకుడనే ఎలుక స్నేహంగా తెలుసు. అరబ్బీలో అదే పావురం మెడలో పట్టెడ గలదై, అదే ఎలుక దగ్గరకు పోతుంది. కథ ముందే తెలిసినవానికి భాష ఒక్కటే కొత్త. మూలంలోని శైలి పిల్లలకు బరువే. తేలికచేసి వ్రాసిన పాఠం కావాలి. ఒక మంచి తెలుగు, అరబ్బీ పండితుడు ఈ ఒక్క అధ్యాయాన్ని ఇరవై పేజీలలో పిల్లలకోసం తిరిగి వ్రాస్తే, తెలుగు బడి పంతులు కూడా దానిని చేతిలోకి తీసుకొని చూస్తాడు.

ఇప్పుడు కావలసినది కొత్త వాచకం కాదు, ఉన్న రెండింటికి తెలుగులో ఉపాధ్యాయ సహాయిని. ఏ పాఠంలో ఏ మాటలు కొత్తవి, ఏ వాక్యం ఎన్నిసార్లు వస్తుంది, దానిని ఏ వస్తువు చూపి అడిగించాలి, తెలుగు ఎక్కడ తోడ్పడుతుంది, ఎక్కడ తప్పు దారి పట్టిస్తుంది: ఇంతవరకే అందులో ఉండాలి. మసీదు తలుపు, చాప, మింబరు, బావి గట్టు, మొదటి పాఠాలకు బొమ్మలు ఇవే. పెద్దగా ఖర్చులేని పని గనుక ఏ సంస్థ అయినా పూనుకోవచ్చు. కాని అచ్చువేసేవారు ఒక్క ఆశకు లొంగకూడదు. పిల్లల ప్రతులలో అరబ్బీ పంక్తి కింద తెలుగు అర్థం వేయకూడదు. ఉర్దూ అర్థాలతో అచ్చైన ప్రతులలో జరిగినది చూశాం కదా: పిల్లవాని కన్ను నేరుగా కింది పంక్తికే పోతుంది, పైదాన్ని చదవకుండానే పాఠం అప్పజెప్పేస్తాడు, ఉపాధ్యాయుడు శహబాష్ అని పుట తిప్పేస్తాడు.